నాలుగు వేళ్ళ మడత

ఆ శనివారం పొద్దున ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. ముసలామె రెబెక్కమ్మ, కంటి ఆపరేషన్ అయి నల్లద్దాలు తీసేసినప్పటి నుంచి లోకాన్ని కొత్తగా తనిఖీ చేస్తూ హాల్లో. ఆమె కొడుకు లాజరస్, రొయ్యల గుంటల దగ్గర మోటార్లు బాగుచేసే పనికి సెలవు పెట్టి, ఫోన్ చూసుకుంటూ మంచం మీద. లాజరస్ కూతురు ఫేబీ, పదో తరగతి పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కునుకు తీస్తూ కిటికీ దగ్గర. ఒక పిల్లి, ఎవరిదో తెలీదు. ఇంక వంటింట్లో లాజరస్ పెండ్లాం ఏసుమణి. ఏసుమణి ఎప్పుడూ వంటింట్లోనే ఉంటుంది కాబట్టి, ఇంట్లో ఎవరెవరున్నారు అని అడిగితే చాలామంది పిల్లిని చెప్పి ఆమెను మర్చిపోతారు.

ఇంట్లో లేకుండానే ఉన్న మనిషి ఇంకొకామె, లాజరస్ చెల్లెలు అబిగయీలు. కాపురం కావలిలో. మనిషి కావలిలో ఉన్నా మొహం మాత్రం ఈ హాలు గోడ మీదే. డిగ్రీ పట్టా పట్టుకున్న అబిగయీలు, బాప్తిస్మం నీళ్ళలోంచి లేస్తున్న అబిగయీలు, పెళ్ళి తెల్లచీరలో అబిగయీలు, మైపాడు ఒడ్డున అలకి భయపడినట్టు నటిస్తున్న అబిగయీలు.

గొడవ ఆ గోడ దగ్గరే పుట్టింది. రెబెక్కమ్మ కొత్త కళ్ళతో ఒక్కో ఫోటో చూసుకుంటూ పోయి చివరికి వంటింటి వైపు తిరిగి కేకేసింది.

"మణీ, ఇట్రామ్మే. ఈ గోడ మీద అందరూ ఉండారు. చచ్చిపోయిన మీ మామ ఉండాడు. మనం అమ్మేసిన బర్రె గూడా ఉండాది. నువ్వు యాడ?"

"యాడో ఒక మూల ఉంటాలే అత్తా," అంటూ ఏసుమణి చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

వెతికింది. పైనుంచి కిందికి, ఈ కొసనుంచి ఆ కొసకి. లేదు. పెళ్ళై పదహారేళ్ళు. ఇంట్లో ఎవరు ఫోటో దిగుతున్నా ఆమె అయితే ఫోన్ పట్టుకుని తీస్తూ ఉంటుంది, లేకపోతే పొయ్యి దగ్గర నూనె కాస్తూ ఉంటుంది. బర్రెకి ఆ రెండు పనులూ లేవు కాబట్టి అది గోడెక్కింది.

మామూలు రోజైతే ఏసుమణి ఓ నిట్టూర్పు విడిచి పోయి చారులో తాలింపు వేసుకునేది. కానీ మర్నాడు ఆదివారం సాయంత్రం, రెబెక్కమ్మకి చూపొచ్చినందుకు ఇంట్లో కృతజ్ఞతా కూడిక. పాస్టరుగారు వస్తారు, సంఘమంతా వస్తుంది. అందరూ చాపల మీద ఆ గోడకే మొహం పెట్టి కూర్చుంటారు. పాట రానివాళ్ళకి ఫోటోలు చూడడమే పని. ఇంత చాకిరీ చేసి, తను లేని గోడ ముందు అందరికీ టీలు పంచాలా? రేపు సాయంత్రానికి ఆ గోడ మీద తను ఉండి తీరాలి. ఏసుమణికి పెళ్ళైనాక ఇంత గట్టిగా ఏదీ అనిపించలేదు.

ఆమె ఉన్న ఫోటో అసలు లేదని కాదు, ఒక్కటి ఉంది. పోయిన క్రిస్మస్‌కి పాస్టరుగారి అబ్బాయి వసారాలో తీసింది. ఎడమ కొసన ఒక పూలకుండీ, దాని పక్కన పట్టుచీరలో అబిగయీలు, తర్వాత ఆమె మొగుడు సంజీవరావు, నడిమధ్యలో కుర్చీలో రెబెక్కమ్మ, లాజరస్, ఫేబీ, కుడి కొసన ఏసుమణి. ఆఖరి నిమిషంలో వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి నిలబడింది. చేతిలో గరిటె వీపు వెనక దాచుకుంది. అయినా నవ్వింది. తను అంత బాగా నవ్వగలదని ఆమెకి ఆ ఫోటో చూసినాకే తెలిసింది.

ఇప్పుడు ఆ ఫోటోని గోడెక్కించాలి. ఎక్కించే మనిషి మంచం మీద ఉన్నాడు.

"ఏమయ్యా, ఫోటోలు గుడ్డ మీద వేసి చట్రానికి బిగించి ఇస్తారంట నెల్లూర్లో. ఆ క్రిస్మస్ ఫోటో అట్టా చేయించుకొస్తావా?"

"నెల్లూరెందుకు? ఇంట్లోనే చేసుకోవచ్చు. వీడియో చూసినా."

"నీకు రాదులే."

అంతే. లాజరస్‌ని మంచం మీద నుంచి లేపడానికి ఆ ఒక్క మాట చాలు. అలారం కూడా అంత బాగా పనిచేయదు.

ఊళ్ళో లాజరస్‌కి 'సగం వీడియో' అని పేరు. ఏ పనైనా ఫోన్లో చూసి నేర్చుకుంటాడు, కానీ సగం చూసేసరికే అంతా తెలిసిపోయిందని ఆపేస్తాడు. పోయిన ఎండాకాలం ఇంట్లోనే కూలర్ చేశాడు. అది గాలి బదులు నీళ్ళు కొట్టింది. రెబెక్కమ్మకి మంచం మీదే రెండో బాప్తిస్మం అయింది. తర్వాత కోడిగుడ్లు పొదిగే పెట్టె చేశాడు. పిల్లలు రాలేదు గానీ గుడ్లు చక్కగా ఉడికాయి. ఆ పూట పులుసు పెట్టుకున్నారు.

ఇదంతా ఏసుమణికి తెలుసు. కానీ మునిగేవాడికి గడ్డిపోచ కూడా దూలంలాగా కనిపిస్తుంది.

"చెప్తా విను," అన్నాడు లాజరస్. "ఫోటోని కాగితం మీద పెద్దదిగా ప్రింటు తీయించాలి. గుడ్డకి తెల్ల బంక పూసి, కాగితం బోర్లించి అంటించాలి. బాగా ఆరినాక నీళ్ళు చల్లి వేళ్ళతో రుద్దితే కాగితం ఊడొస్తాది, రంగు మాత్రం గుడ్డకే ఉండిపోతాది. చిన్నబిడ్డలు చేసే పని."

"మరి చిన్నబిడ్డల్నే పిలుద్దామా?"

"నీ నోటికి బంక పూస్తే ముందు ఇల్లు బాగుపడతాది."

"పూయి. రేపు పాస్టరుగారికి టీ నువ్వే ఇద్దువుగాని."

లాజరస్ గమ్మున బండి తీసి విడవలూరు వెళ్ళి, జెరాక్స్ షాపులో ఉన్నవాటిలోకెల్లా పెద్ద కాగితం మీద ప్రింటు తీయించుకొచ్చాడు. బంక కూడా తెచ్చాడు. గుడ్డ తేలేదు.

"గుడ్డ ఏదయ్యా?"

"గుడ్డ ఇంట్లో ఉంటాది గదా."

ఇంట్లో ఉన్న గుడ్డల్లో పూలు లేని గుడ్డ లేదు. దుప్పట్ల మీద పూలు, కర్టెన్ల మీద పూలు, దిండు గలీబుల మీద పూలు, పైగా చిలకలు. భార్యాభర్తలు బీరువా ముందు వాదులాడుకుంటూ ఉంటే రెబెక్కమ్మ తన ట్రంకుపెట్టె అడుగు నుంచి మందమైన తెల్లగుడ్డ ఒకటి తీసి ఇచ్చింది.

"ఇది యాడిదత్తా? ఎప్పుడూ చూడలా."

"నా శవపెట్టెలో పరచడానికి దాచుకున్నా. ఇప్పుడు కళ్ళొచ్చినాయి గదా, ఇంకొన్నాళ్ళు ఉంటాలే. తీసుకోండి."

ఏసుమణి ఆ గుడ్డని రెండు చేతులతో జాగ్రత్తగా అందుకుంది. లాజరస్ మాత్రం దాన్ని వేళ్ళతో నలిపి చూసి, "మంచి క్వాలిటీ అమ్మా," అన్నాడు.

బంక పూశారు. కాగితాన్ని బోర్లించారు. ముడతలు పోవాలని అప్పడాల కర్ర దొర్లించారు. పిల్లి వచ్చి కూర్చోబోతే ఫేబీ నిద్రలోనే దాన్ని తరిమింది. మధ్యాహ్నం ఎండకి సముద్రం గాలి కూడా తోడై అంతా చక్కగా ఆరింది. ఇంతవరకూ ఒక్క తప్పు జరగకపోవడం చూసి ఏసుమణికి అనుమానం మొదలైంది. లాజరస్ చేసే పనిలో తప్పు జరగలేదంటే అది ఎక్కడో ఆగి ఉందని అర్థం.

అది చట్రం దగ్గర ఆగి ఉంది.

గుంటల కాడ నుంచి తెచ్చిన సరుగుడు కర్రలు నాలుగు. టేపు ఎక్కడ పెట్టాడో లాజరస్‌కి గుర్తు లేదు. చెయ్యి చాచి కాగితాన్ని జానలతో కొలిచాడు. పొట్టి కర్రలు రెండూ తను గుర్తు పెట్టుకుని కోశాడు. పొడుగు కర్రల దగ్గరికొచ్చేసరికి ఫోన్ మోగింది.

"మణీ, రెండు జానలకి గుర్తు పెట్టు," అని రంపం ఇంకో చేత్తో పట్టుకుని ఫోన్‌లో మాట్లాడుకుంటూ పోయాడు.

ఏసుమణి రెండు జానలకి గుర్తు పెట్టింది. అతను వచ్చి గుర్తు మీద కోశాడు. చట్రం బిగించి ఆరిన గుడ్డ మీద పెట్టి చూస్తే, ఎత్తు సరిపోయింది. వెడల్పు నాలుగు వేళ్ళు తక్కువ.

"రెండు జానలన్నా గదమ్మే!"

"రెండు జానలే పెట్టినా."

"ఎవరి జాన?"

"నా జాన. నీ చెయ్యి ఫోన్ దగ్గరికి పోయింది గదా, నా చేత్తోనే పెట్టినా."

"కొలిచేది నా చేత్తో, కోసేది నీ చేత్తోనా? ఎవరన్నా వింటే నవ్వుతారు!"

"నవ్వనీ. ఆ నవ్వు గూడా ఫోటో తీసి గోడకి తగిలించు."

వేరే కర్రలు లేవు, పొద్దు వాలుతోంది. ఇప్పుడు గుడ్డ అంచుతో పాటు ఫోటో కూడా నాలుగు వేళ్ళు చట్రం వెనక్కి మడవాలి. అందరికీ కనిపించే బొమ్మలో నాలుగు వేళ్ళంటే ఒక మనిషి.

"చెరి సగం మడుద్దాం," అన్నాడు లాజరస్. "అటు రెండు వేళ్ళు, ఇటు రెండు వేళ్ళు."

అటు అబిగయీలు, ఇటు ఏసుమణి. ఇద్దరూ సగం సగం. ఏసుమణి కళ్ళ ముందు గోడంతా తిరిగింది. పట్టా అబిగయీలు, బాప్తిస్మం అబిగయీలు, పెళ్ళి అబిగయీలు, మైపాడు అబిగయీలు. నిజానికి ఆమెకి ఆడబిడ్డ మీద ఏ కోపమూ లేదు. పిల్ల మంచిదే, వచ్చినప్పుడల్లా పళ్ళు తెస్తుంది, తిన్న కంచం తనే కడుగుతుంది. కానీ నాలుగు చోట్ల ఉన్న మనిషి ఐదోచోట లేకపోతే కొంపలేమీ మునగవు. ఒక్కచోట కూడా లేని మనిషిని సగం చేయడం ఏం న్యాయం?

"సగం సగం మనుషులు చూడ్డానికి బాగుండరు," అంది, ఎటో చూస్తూ. "మొత్తం ఎడం పక్కే మడువు. అక్కడేముంది, పూలకుండీయే గదా."

"కుండీ పక్కన మా చెల్లి ఉండ్లా?"

"కొంచెం పక్కకు పోతాది, అంతే. పక్క నుంచి చూస్తే కనపడతాదిలే. మీ చెల్లిని ఈ ఊళ్ళో చూడని వాళ్ళెవరు?"

లాజరస్ తల గోక్కున్నాడు. చెల్లెలి తరఫున వాదిస్తే రాత్రికి అన్నం ఆలస్యం అవుతుందని అతని అనుభవం.

"ముందు కాగితం రుద్ది, బొమ్మ చూసుకుని మడిస్తే?"

"బిగించినాక రుద్దితే తప్పెట మాదిరి ఉండి బాగా ఊడొస్తాది. నువ్వే గదా చెప్పినావు?"

అతను చెప్పలేదు. కానీ అంత తెలివైన మాట తను చెప్పలేదని ఎలా ఒప్పుకుంటాడు? కాగితం వెనక వైపు తెల్లగా, ఏమీ తెలియకుండా పైకి చూస్తూ ఉంది. ఏసుమణి దగ్గరుండి ఎడమ పక్క నాలుగు వేళ్ళు తన చేత్తో కొలిచి మరీ మడిపించింది. లాజరస్ మేకులు కొట్టాడు. ఒక్కో దెబ్బకి ఏసుమణి "దేవా క్షమించు" అని మనసులో అనుకుంది. మేకు వంకర పోయినప్పుడు మాత్రం గట్టిగా కొట్టమని పైకే చెప్పింది.

ఆదివారం చర్చి నుంచి రాగానే రుద్దడం మొదలుపెట్టారు. లాజరస్ నీళ్ళు చల్లాడు. ఏసుమణి నేరుగా కుడి కొసకి పోయి, చంటిబిడ్డకి నలుగు పెట్టినట్టు మెల్లగా వేళ్ళతో రుద్దింది. తనని తనే బయటికి తీసుకోవాలని ఆశ.

కాగితం పిప్పి పిప్పిగా ఊడింది. ముందు ఒక ఆకుపచ్చ తొట్టి అంచు కనిపించింది.

"ఇదేంది, నా కాళ్ళ దగ్గర కుండీ?" అనుకుంది.

ఇంకొంచెం రుద్దింది. జరీ అంచు మెరిసింది. తనకి జరీ చీర లేదే! పైకి రుద్దింది. మెడలో రెండు పేటల గొలుసు. ఇంకా పైకి రుద్దితే ముత్యాల్లాంటి పళ్ళు, చక్కగా కత్తిరించిన కనుబొమలు, నిండుగా, నిటారుగా, మొత్తంగా, అబిగయీలు.

ఏసుమణి చెయ్యి ఆగిపోయింది.

"ఓహో," అన్నాడు లాజరస్ మిగతాది రుద్దుతూ. "బోర్లిస్తే కుడి ఎడమైపోతాది గదా! ప్రింటు తీయించేటప్పుడే తిప్పి తీయించాలి. వీడియో చివర్లో చెప్తాడేమో."

"చివరిదాకా చూడలేదా?"

"ఎప్పుడన్నా చూసినానా?"

బొమ్మలో అందరూ అటుఇటు అయ్యారు. లాజరస్ వాచీ కుడిచేతికి వచ్చింది. చొక్కా జేబు కుడి పక్కకు పోయింది. రెబెక్కమ్మ దగ్గరికొచ్చి చూసి, "నా పైట కుడి భుజాన వేసినారేంది? సేట్ల ఇంటి ఆడదాన్ని మాదిరి ఉండానే!" అని మురిసిపోయింది. తర్వాత వేలితో ఒక్కొక్కరినీ లెక్కపెట్టి ఆగింది. "మణీ, ఇందులో గూడా నువ్వు లేవేందే?"

ఉంది. ఎడమ పక్కన సరుగుడు కర్ర మందం మీద ఒక చెవి, ఒక కన్ను, సగం నవ్వు ఉన్నాయి. మిగతా సగం నవ్వు చట్రం వెనకాల ఉంది, మేకుల కింద.

"విప్పి మళ్ళీ కొడదామా?" అన్నాడు లాజరస్.

లాగి చూశారు. బంక పట్టిన మడత దగ్గర రంగు పెచ్చులుగా లేచింది. ఇంకొంచెం లాగితే ఆ ఒక్క కన్ను కూడా పోయేటట్టుంది. వదిలేశారు. అంతలోనే గేటు ముందు ఆటో ఆగింది.

అబిగయీలు పళ్ళ సంచితో దిగింది. వెనక బట్టల బ్యాగుతో సంజీవరావు. హాల్లోకి రాగానే ఆమె చూపు నేరుగా బొమ్మ మీద పడింది. పడాలి కూడా, అంత పెద్దగా ఉంది మరి ఆమె.

"అబ్బ! ఇంట్లోనే చేసినారా అన్నా? ఎంత బాగుండానో! వదినా, నువ్వేదీ?"

"పక్క నుంచి చూడాలి," అన్నాడు లాజరస్.

అబిగయీలు మెడ వంచి పక్క నుంచి చూసింది. నవ్వు ఆగింది. బడిలో పాఠం చెప్పే మనిషి, లెక్క తప్పిన చోటు చటుక్కున పట్టుకుంటుంది.

"ఏ పక్క మడవాలో చెప్పింది ఎవరన్నా?"

ఏసుమణి మొగుడికి కళ్ళతో సైగ చేసింది. లాజరస్‌కి సైగలు కూడా సగమే అర్థమవుతాయి.

"మీ వదినే. ఎడం పక్కే మడవమని పట్టుబట్టింది. దగ్గరుండి కొలిచింది గూడా."

"ఎడం పక్క. ఫోటోలో ఎడం పక్క ఉండింది నేను గదా?"

హాల్లో పిల్లి తప్ప ఎవరూ కదల్లేదు.

"నన్ను మడవాలనుకున్నావా వదినా?"

"నిన్ను కాదు అబిగయీలూ," అంది ఏసుమణి, నేలకేసి చూస్తూ. "పూలకుండీని."

ముందు సంజీవరావు తుమ్మబోయినట్టు ఏదో చేశాడు, అది నవ్వు. తర్వాత అబిగయీలు పళ్ళ సంచి కింద పడేసి పొట్ట పట్టుకుని నవ్వింది. కోపపడి ఉంటే ఏసుమణికి బాగుండేది, తనూ నాలుగు మాటలు అనేది. ఆ నవ్వుకి ఏం చేయాలో తెలియక సంచిలోంచి దొర్లిపోయిన బత్తాయిలు ఏరుకుంటూ కూర్చుంది. చెవులు మాత్రం మిరపకాయల్లాగా మండాయి.

సాయంత్రం కూడిక బాగానే జరిగింది. పాస్టరుగారు చూపు గురించి వాక్యం చెప్పారు. బొమ్మ గురించి లాజరస్ చెప్పాడు. కూడికకి వచ్చిన ఆడవాళ్ళంతా టీ గ్లాసులు పట్టుకుని ఒకరి తర్వాత ఒకరు వచ్చి, గోడకి చెంప ఆనించి, ఒంటికన్నుతో ఏసుమణిని చూసిపోయారు. "ఉండాది, ఉండాది," అని వెనకవాళ్ళకి చెప్పారు. పదహారేళ్ళలో ఆమెని అంత శ్రద్ధగా ఎవరూ చూడలేదు. అయితే అందరూ చూస్తున్నంతసేపూ అసలు మనిషి వాళ్ళ వెనకాలే పళ్ళెం పట్టుకుని నిలబడి, "ఇంకో టీ తీసుకోండి," అంటూ ఉంది.

సంఘం వెళ్ళిపోయాక అబిగయీలు నడుము బిగించింది.

"ఇప్పుడు మళ్ళీ ఫోటో తీయాల. ఈ హాల్లోనే. వదిన నడిమధ్యలో కూర్చోవాల. దాన్ని పెద్ద స్టూడియోలో నేను చేయిస్తా. మడత కావాలంటే నా పక్కన పెట్టుకో వదినా, నాకేం బాధ లేదు."

"ఊరుకో తల్లీ," అంది ఏసుమణి. సిగ్గుతో నవ్వింది గానీ నవ్వింది.

కుర్చీలు వేశారు. నడిమధ్యన ఎత్తైన కుర్చీ ఏసుమణిది. అబిగయీలు తన జరీ చీర ఒకటి తీసి వదిన భుజం మీద వేసి చూసింది. రెబెక్కమ్మ పైట ఎడమ భుజాన ఉందో లేదో తడుముకుని చూసుకుంది. సంజీవరావు కిటికీలో ఫోన్ నిలబెట్టి దూరం సరిచేస్తున్నాడు.

"ఒక్క నిమిషం," అంది ఏసుమణి. "పాలు పొయ్యి మీద ఉండాయి. దించి, మొహం కడుక్కొని వస్తా."

వంటింట్లోకి పోయింది. పాలు దించింది. చన్నీళ్ళు మొహాన చల్లుకుంది. కొంగుతో తుడుచుకుని, గిన్నెమూత తిరగేసి అందులో చూసుకుని బొట్టు లేని నుదుటి మీద వెంట్రుకలు సర్దుకుంది. క్రిస్మస్ నాడు నవ్విన నవ్వు ఎట్టా నవ్విందో గుర్తు తెచ్చుకోవాలని రెండుసార్లు ప్రయత్నించింది. రెండోసారి వచ్చింది.

హాల్లో వీధి వైపు నుంచి ఎవరో వచ్చిన చప్పుడు అయింది. పక్కింటి గురవమ్మ, కూడికకి అరువిచ్చిన పెద్ద టీ గిన్నె కోసం.

"ఏందబ్బా, ఫోటో దిగతాండారా? నన్ను పిలవలేదే!" అంటూ ఆమె ఆయాసపడుతూ ఖాళీగా ఉన్న కుర్చీ చూసి కూర్చుంది. ఖాళీగా ఉన్నది నడిమధ్య కుర్చీ. పెద్దామె. లెమ్మని ఎవరంటారు?

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కిటికీ దగ్గర ఫోన్‌లోంచి చూస్తున్న సంజీవరావు మాత్రం తృప్తిగా తలాడించాడు.

"కుర్చీలన్నీ నిండినాయి. బాగుండాది, ఎవరూ కదలొద్దు. బావా, వెనక వంటింటి మసిగోడ ఫోటోలో పడతాంది, ఆ తలుపు కొంచెం మూయి."

"వస్తాండా," అంది ఏసుమణి లోపలి నుంచి, నవ్వు మొహం మీద జారిపోకుండా పట్టుకుని.

లాజరస్ లేచి, వెనక్కి చూడకుండానే చెయ్యి చాచి, తలుపు దగ్గరికి లాగాడు.